కామన్ కరెంటు బిల్లు: లిఫ్టు ఆపాలా, ఎస్టీపీ ఆపాలా, సోలార్ పెట్టాలా?

కేఆర్‌పురం_సెక్రటరీ

అందరికీ నమస్కారం. బెంగళూరులో కేఆర్ పురం వైపు అపార్ట్‌మెంటు. బేస్‌మెంటు పైన ఎనిమిది అంతస్తులు, రెండు బ్లాకులు, 96 ఫ్లాట్లు, నాలుగు లిఫ్టులు. కామన్ మీటరు నెలకు సుమారు 12,300 యూనిట్లు తిరుగుతోంది. 2025-26 రేట్ల ప్రకారం 5.80 ఎనర్జీ ఛార్జీ, 36 పైసల పెన్షన్ సర్‌ఛార్జీ, 9 శాతం పన్ను, ఇంధన సర్దుబాటు అన్నీ కలిపి యూనిట్‌కు రూ.7 వేసుకుంటే 86 వేలు. దాని మీద 90 కిలోవాట్ల శాంక్షన్డ్ లోడుకు (మీటరుకు మంజూరైన గరిష్ఠ లోడు) కిలోవాట్‌కు రూ.145 చొప్పున ఇంకో 13 వేలు. జనరేటరు డీజిల్ నెలకు 220 లీటర్లు, అది వేరు.

క్లాంప్ మీటరుతో చూసిన రోజువారీ అంచనా: బేస్‌మెంటు ట్యూబులైట్లు (పాత 36 వాట్లవి, చోకుతో కలిపి ఒక్కోటి 50 వాట్లు, మొత్తం 140, ఇరవై నాలుగు గంటలూ వెలుగుతాయి) 168 యూనిట్లు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) 130, నీళ్ళ మోటార్లు 45, లిఫ్టులు 36, మిగతావన్నీ 30.

కమిటీ పెట్టిన ప్రతిపాదనలు ఇవీ. రాత్రి 11 నుంచి 5 దాకా బ్లాకుకు ఒక లిఫ్టు ఆపడం. బేస్‌మెంటులో ఒకటి విడిచి ఒకటి లైటు తీసేయడం. రాత్రి ఎనిమిది గంటలు ఎస్టీపీలోకి గాలి ఊదే బ్లోయరు ఆపడం. జనరేటరు నుంచి ఫ్లాట్లకు కరెంటు తీసేయడం. టెర్రస్ మీద 30 కిలోవాట్ల సోలార్ పెట్టడం.

పెద్దవాళ్ళు లిఫ్టు విషయంలో, నైట్ షిఫ్టు నుంచి వచ్చే ఆడవాళ్ళు లైట్ల విషయంలో ఒప్పుకోవడం లేదు. ఇంకొకాయన వాదన వేరు: "కరెంటు వాడకం పెరిగితేనే దేశం ఎదుగుతుంది, డబ్బిచ్చి కొనుక్కుంటున్నదానికి ఈ పిసినారితనం ఏమిటి?" జనరల్ బాడీ మీటింగు దగ్గర పడింది. దేనికి ఒప్పుకోవచ్చు, దేనికి ఒప్పుకోకూడదు?

పాతమోటారు

సెక్రటరీ గారూ, ప్రతి ప్రతిపాదనకూ ఒకే ప్రశ్న వేయండి: ఫ్లాటుకు నెలకు ఎంత మిగులుతుంది, బదులుగా ఎవరు ఏం వదులుకోవాలి? సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

ముందు లిఫ్టు. రాత్రి ఒక లిఫ్టు ఆపితే ఎక్కే దిగే మనుషులు తగ్గరు, అదే పని రెండో లిఫ్టు చేస్తుంది. మిగిలేది ఆగిన లిఫ్టు ఊరికే నిలబడి తినే కరెంటు మాత్రమే. కంట్రోలరు, క్యాబిన్ లైటు, ఫ్యాను కలిపి 150 వాట్లనుకోండి. ఆరు గంటలకు 0.9 యూనిట్, రెండు లిఫ్టులకు 1.8. నెలకు రూ.380, ఫ్లాటుకు నాలుగు రూపాయలు. ఈ నాలుగు రూపాయల కోసం, రాత్రి ఉన్న ఒక్క లిఫ్టూ మొరాయిస్తే ఎనిమిదో అంతస్తు నుంచి స్ట్రెచరును మెట్ల మీద దింపాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఈ ప్రతిపాదన కొట్టేయండి. బదులుగా క్యాబిన్‌లో ఎవరూ లేనప్పుడు లైటూ ఫ్యానూ రెండు నిమిషాలకు వాటంతట అవే ఆగిపోయే సెట్టింగు చాలా కంట్రోలర్లలో ఉంటుంది, మెకానిక్‌ను అడిగితే పెట్టేస్తాడు. పగలూ పనిచేస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

అసలు డబ్బంతా బేస్‌మెంటులో ఉంది. ఒకటి విడిచి ఒకటి తీసేస్తే రోజుకు 84 యూనిట్లు, నెలకు 17,600 రూపాయలు మిగిలే మాట నిజమే. కానీ చీకటి మిగులుతుంది. 140 చోట్లా 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్లు, లోపలే రాడార్ సెన్సరు ఉన్నవి (మనిషి లేనప్పుడు 5 వాట్లకు దిగేవి) వేసి చూడండి. రోజులో పావు వంతు సమయం పూర్తి వెలుగులో ఉన్నా సగటున 9 వాట్లు దాటదు. మొత్తం 30 యూనిట్లలోపు. అంటే 138 యూనిట్లు, నెలకు 29 వేలు మిగులు. బిగింపుతో కలిపి ఒక్కోటి రూ.600 పడినా 84 వేలు, మూడు నెలలు తిరక్కుండా చేతికొస్తుంది. మనిషి తిరిగే చోట చీకటి ఉండదు.

ఇందులో చెడిపోయే చోట్లు చెబుతాను. పాత ఫిట్టింగులోనే ట్యూబు ఒక్కటి మార్చి చోకు వదిలేస్తే అది కొంత కరెంటు తింటూనే ఉంటుంది. చోకూ స్టార్టరూ తీసేసి నేరుగా వైరింగు చేయించాలి, లేదా మొత్తం బ్యాటన్ మార్చాలి. ఒక వైపే ఫేజూ న్యూట్రలూ ఇచ్చే ట్యూబులకీ రెండు వైపులా ఇచ్చేవాటికీ తేడా తెలియకుండా కలిపేస్తే, రేపు ఎవడో మార్చేటప్పుడు షాకు కొడుతుంది. జనరేటరు ఛేంజోవర్ అయ్యే ప్రతిసారీ వచ్చే స్పైకుకు చవక డ్రైవర్లు రాలిపోతాయి, అందుకని లైటింగ్ డీబీలో (లైట్లకు కరెంటు పంచే బోర్డులో) టైప్-2 సర్జ్ ప్రొటెక్టరు పెట్టించండి. పీఐఆర్ సెన్సరు వద్దు. అది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా పట్టుకుంటుంది కాబట్టి ఎండాకాలం బేస్‌మెంటులో మందగిస్తుంది. రాడార్ రకానికి ఇంకో గుణం ఉంది: పలచటి గోడ అవతలి కదలికకూ, ఊగే ఎగ్జాస్టు ఫ్యానుకూ వెలిగిపోతుంది. వాటి పక్కన పెట్టేవాటికి సెన్సిటివిటీ తగ్గించాలి. హోల్డ్ టైము 15 సెకన్లు పెడితే తాళం వెతుక్కునే లోపే మసకబారుతుంది, 60 నుంచి 90 సెకన్లు ఉంచండి. ర్యాంపు, లిఫ్టు లాబీ, లోపలికొచ్చే దారి, ఈ మూడు చోట్లా సెన్సరు లేకుండా ఎప్పుడూ వెలిగేవే ఉండాలి. నైట్ షిఫ్టు వాళ్ళ మాట అక్కడ న్యాయమైనది.

బురదలెక్క

పై జవాబులో ఎస్టీపీ వదిలేశారు, అది నేను రాస్తాను. రాత్రి బ్లోయరు ఆపే ప్రతిపాదన మీ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరం. కాగితం మీద మాత్రం ముద్దుగా కనిపిస్తుంది.

7.5 హెచ్‌పీ బ్లోయరు 4.5 కిలోవాట్లు లాగుతుందనుకుంటే ఎనిమిది గంటలకు 36 యూనిట్లు, నెలకు 7,500. ఇక అటువైపు చూడండి. ఏరేషన్ ట్యాంకులో గాలి ఆగిన కొద్దిసేపట్లోనే కరిగిన ఆక్సిజన్ సున్నాకు వస్తుంది. నాలుగైదు గంటలు దాటితే బురద నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన మొదలవుతుంది. ఇలా రోజూ చేస్తే బురదలో ఉండి మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చి బురద కిందకు దిగదు, ఫిల్టర్లు మూసుకుపోతాయి. మళ్ళీ దారిలోకి తేవాలంటే వేరే ప్లాంటు నుంచి మంచి బురద తెచ్చి పోసి రెండు మూడు వారాలు కాచుకోవాలి. శుద్ధి చేసిన నీళ్ళు రావు కాబట్టి ఆ రోజుల్లో ఫ్లష్‌కు మంచినీళ్ళే దిక్కు. 96 ఫ్లాట్లకు నలుగురేసి చొప్పున, మనిషికి 45 లీటర్ల ఫ్లష్ లెక్కన రోజుకు 17 వేల లీటర్లు. 2024 మార్చి నీటి కరువులో జిల్లా యంత్రాంగం కట్టిన గరిష్ఠ ధర ప్రకారమే 12 వేల లీటర్ల ట్యాంకరు, 5 కిలోమీటర్ల లోపు, రూ.1,000 (జీఎస్టీ అదనం). రోజుకు ట్యాంకరున్నర, మూడు వారాలకు 30 వేల పైమాట. ఏడున్నర వేలు మిగిల్చి ముప్పై వేలు పోగొట్టుకోవడం ఏం పొదుపు?

అలాగని తగ్గించే చోటే లేదనను. మీ ప్లాంటు నిండా జనం ఉంటారన్న లెక్కతో కట్టినది. ఖాళీ ఫ్లాట్లుంటే గాలి ఎక్కువవుతోందని అర్థం. చేతిలో పట్టుకునే డీఓ (కరిగిన ఆక్సిజన్) మీటరు అద్దెకు తెచ్చి పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, తెల్లవారుజామున 4కి ఏరేషన్ ట్యాంకులో కొలవండి. లీటరుకు 2 మిల్లీగ్రాములు చాలు. 4 గంటలకు 4 చూపిస్తే మీరు నీళ్ళకు కాదు, గాలికే డబ్బు కడుతున్నారు.

అప్పుడు అందరూ వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) పెట్టమంటారు. ఫ్యానుకూ సెంట్రిఫ్యూగల్ పంపుకూ వేగం కాస్త తగ్గిస్తే కరెంటు బాగా పడిపోతుంది, నిజం. మీది ట్విన్ లోబ్ బ్లోయరు (రెండు లోబులు తిరిగి గాలిని తోసే రకం) అయితే ఆ లెక్క పనిచేయదు. వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటూ 20 శాతమే తగ్గుతుంది. రోజుకు 20 యూనిట్లు, నెలకు 4,200. దానికి 30 వేలు పెట్టి వీఎఫ్‌డీ ఎందుకు, మోటారు వైపు పుల్లీ చిన్నది వేసి బెల్టులు మార్చండి. కొన్ని వేలతో అయిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. అయితే రేటెడ్ వేగంలో 60 శాతం కిందకు పోవద్దు. లోపల గాలి వెనక్కి జారి బ్లోయరు వేడెక్కి లోబులు పట్టేస్తాయి.

ఇంకో చోటు కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బ్లోయరు డెలివరీ పైపు మీద ప్రెజర్ గేజీ ఉంటుంది (ఉండాలి). ట్యాంకులో మూడు మీటర్ల నీళ్ళుంటే చదరపు సెంటీమీటరుకు 0.35 కిలోల దగ్గర ఉండాలి. 0.45, 0.5 చూపిస్తుంటే డిఫ్యూజర్లు (ట్యాంకు అడుగున గాలిని బుడగలుగా వదిలేవి) మూసుకున్నాయన్నమాట. ఒత్తిడి పెరిగినంతా కరెంటులో పడుతుంది, బుడగలూ పెద్దవై ఆక్సిజన్ కరగదు. డిఫ్యూజరు రబ్బరు ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంటే ముందు అది మార్చి తర్వాత పుల్లీ సంగతి చూడండి. వరస తిరగేస్తే తప్పు వేగం దగ్గర స్థిరపడిపోతారు.

కేఆర్‌పురం_సెక్రటరీ

బురదలెక్క గారూ, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. గేజీ ఉంది గానీ అద్దం పగిలి ముల్లు సున్నా దగ్గరే ఉంది. మార్పిస్తాం. నీళ్ళ మోటార్ల 45 యూనిట్లు ఎక్కువా తక్కువా? జనరేటరు సంగతి కూడా ఎవరైనా చెప్పండి, మా దగ్గర ఇంటి నుంచి పని చేసేవాళ్ళు చాలామంది.

పాతమోటారు

మోటారు ఎక్కువ తింటోందో లేదో అరగంటలో తేలుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పొడవు వెడల్పులు కొలవండి. 4 మీటర్లు, 3 మీటర్లు అయితే నీటిమట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే 1,200 లీటర్లు. వాడకం కవాటాలు మూసి, మోటారు వేసి, ఎన్ని నిమిషాలకు పెరిగిందో చూడండి. అదే సమయంలో ఆంపియర్లు కొలిచి 1.732 × 415 × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టరు ÷ 1000 చేస్తే కిలోవాట్లు. వెయ్యి లీటర్లను 30 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 0.08 యూనిట్ చాలు. పంపూ మోటారూ కలిపి 45, 50 శాతం సామర్థ్యంతో 0.16 నుంచి 0.18 దాకా అవుతుంది. మీకు 0.4 వస్తే ఇంపెల్లరు అరిగింది, లేదా ఫుట్ వాల్వు కారుతోంది, లేదా ఎవడో డెలివరీ వాల్వు సగం తిప్పి వదిలేశాడు. మూడోది ముందు చూడండి, ఖర్చు లేనిది అదే. బోరు సంగతి వేరు. 250 మీటర్ల లోతు నుంచి అయితే మంచి పంపుకూ వెయ్యి లీటర్లకు ఒకటిన్నర యూనిట్ పడుతుంది.

జనరేటరు: లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లు అనుకుంటే, లీటరు 90 రూపాయల చొప్పున యూనిట్ 30. బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటుకు నాలుగింతలు. అయినా ఫ్లాట్లకు పూర్తిగా తీసేయొద్దు. ల్యాప్‌టాప్, వైఫై, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 300 వాట్లు దాటవు. గంట సేపు కరెంటు పోతే ఫ్లాటుకు తొమ్మిది రూపాయలు. పని చేసుకునేవాడి గంట విలువ అంతకన్నా చవకా? డీజిల్ తాగేది గీజర్లు, మైక్రోవేవ్‌లు, ఇస్త్రీపెట్టెలు. ఫ్లాటుకు ఒక ఏసీసీఎల్ (జనరేటరుకు తనంతట మారి, లోడుకు హద్దు పెట్టే పరికరం) పెట్టి జనరేటరు మీద ఉన్నప్పుడు అర కిలోవాట్ దగ్గర కట్టేయండి. దాటితే కొన్ని సెకన్లు ఆపి మళ్ళీ ఇస్తుంది. పెద్ద సెట్టును 15, 20 శాతం లోడు మీద గంటల తరబడి నడపడం కూడా తప్పే. కాలని డీజిల్ పొగగొట్టంలో జిడ్డులా చేరుతుంది, లీటరుకు రావాల్సిన యూనిట్లు కూడా రావు.

ఎండపొడ

సోలార్ మాట. 30 కిలోవాట్లకు నీడ పడని చోటు 3,000 చదరపు అడుగులు కావాలి. బెంగళూరులో ఏడాది సగటు కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు, అంటే 30 కిలోవాట్లకు రోజుకు 120. నెలకు 25 వేలు. కిలోవాట్‌కు 50 వేల చొప్పున 15 లక్షలు. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో అసోసియేషన్ల కామన్ వాడకానికి కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ ఉంది, అది 5.4 లక్షలు. మిగతా 9.6 లక్షలు మూడేళ్ళు దాటేసరికి తిరిగొస్తాయి. మంచి లెక్కే. కానీ లైట్లు మూడు నెలల్లో తిరిగిచ్చేవి, ఇది మూడేళ్ళది. ముందు లైట్లు మార్చి, ఆ మిగులుతోనే సోలార్ కొనండి, సభ్యుల దగ్గర అదనంగా వసూలు చేయాల్సింది బాగా తగ్గుతుంది.

ఇద్దరు ముగ్గురు అప్పుడే మొదలెడతారు: టెర్రస్ మీది సోలార్ వాటర్ హీటర్లు పీకేసి ప్యానెళ్ళు పెడదాం అని. ఒప్పుకోకండి. 200 లీటర్లను 30 డిగ్రీలు వేడెక్కించడమంటే ఏడు యూనిట్ల పని. అది నాలుగు చదరపు మీటర్ల హీటరు ఎండ రోజున చేసి పెడుతుంది. అంతే చోటులో ప్యానెలు మూడు యూనిట్ల చిల్లర ఇస్తుంది. హీటరు పీకితే ఆ ఇంటి గీజరు పొద్దున ఆరుకు గ్రిడ్ మీద పడుతుంది.

లిఫ్టు గది, ట్యాంకుల నీడ పొద్దున ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ ఎక్కడ పడుతుందో డిసెంబరులో చూసుకోవాలి. నీడ పొడవు అప్పుడే ఎక్కువ. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని సభ్యులకు ముందే చెప్పండి, లైన్‌మన్ ప్రాణం కోసం ఇన్వర్టరు అలా ఆగుతుంది. జనరేటరు నడిచేటప్పుడు సోలార్ కలవాలంటే మధ్యలో కంట్రోలరు తప్పనిసరి. లేకపోతే సోలార్ ఎక్కువై జనరేటరులోకి ఎదురు తోస్తుంది.

రూపాయిబిళ్ళ

అన్నలారా, మీ లెక్కలన్నీ బాగున్నాయి గానీ ఆ "వాడకం పెరిగితేనే ఎదుగుదల" అన్నాయనకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. 2023-24లో మన దేశంలో మనిషికి 1,395 యూనిట్లు, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. ఫ్యాను లేని ఇంట్లోకి ఫ్యాను రావాలి, కట్టెల పొయ్యి పోవాలి. అక్కడ వాడకం పెరగాల్సిందే. మంచి పరికరం చవకైతే జనం ఇంకా ఎక్కువ వాడతారని బొగ్గు విషయంలో ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే చెప్పాడు. మీ బేస్‌మెంటు సెన్సరు లైట్లు వేశాక "ఎలాగూ తక్కువే కదా" అని తోటలో రంగు దీపాలు పెట్టకపోతే చూడండి.

ఆయన మర్చిపోయిన రెండో సగం: ఎదుగుదలకు కావాల్సింది యూనిట్లు కాదు, వెలుగూ నీళ్ళూ చల్లదనమూ. చోకు వేడెక్కడం వల్ల ఎవరూ ఎదగలేదు. చవక ఎల్ఈడీలు పంచిన కేంద్రం ఉజాలా పథకంలో ఎల్ఈడీ బల్బు కొనుగోలు ధర 2014లో 310 రూపాయల నుంచి 2016కి 38కి దిగింది. వెలుగు తగ్గలేదు, పేదవాడి ఇంటికి కూడా వచ్చింది. పొదుపంటే చీకట్లో కూర్చోవడం అనుకునేవాళ్ళకు ఆ ఒక్క బల్బు చూపించండి.

ఇక కొరత వస్తే ఏమవుతుందో 2023 అక్టోబరులో చూశాం. వానలు లేక కర్ణాటక ప్రభుత్వం విద్యుత్ చట్టం సెక్షన్ 11 ప్రయోగించి, రాష్ట్రంలోని ప్రైవేటు ఉత్పత్తిదారులు కరెంటు రాష్ట్రానికే ఇవ్వాలంది. అలాంటప్పుడు సాయంత్రం ఆరు నుంచి పది మధ్య మిగిల్చిన యూనిట్‌కు ఉన్న విలువ మధ్యాహ్నం పన్నెండున, పావగడ సోలార్ పార్కు ప్యానెళ్ళు దంచుతున్నప్పుడు మిగిల్చినదానికి ఉండదు. మీ సంపు నుంచి ట్యాంకు నింపే మోటారుకు టైమరు పెట్టి మధ్యాహ్నం నడపండి. ట్యాంకు సాయంత్రం నిండి ఉంటే చాలు, ఎవరి సుఖమూ పోదు.

నీళ్ళే కరెంటు అన్న మాట కూడా గుర్తుంచుకోవాలి. కావేరి నీళ్ళు బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కి వస్తాయి. వెయ్యి లీటర్లకు కనీసం 1.36 యూనిట్, పంపుల నష్టంతో కలిపి రెండు దాకా. మన మీటరులో పడదు కాబట్టి మనకు కనపడదు. 2024లో జలమండలి కుళాయిలకు ఏరేటర్లు (గాలి కలిపి నీటి ధార తగ్గించే మూతలు) తప్పనిసరి చేసింది కదా, మీ 96 ఫ్లాట్లలో ఎన్నిట్లో ఉన్నాయో లెక్క తీయండి. అక్కడ తగ్గిన నీరు మీ ట్యాంకరులో, మోటారులో, ఎస్టీపీ గాలిలో మూడుసార్లు మిగులుతుంది.

మడివాళ_మీటరు

ఒక్క మాట. ఫ్లాట్లలో గృహజ్యోతి (ఇంటి పాత సగటును బట్టి 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటిచ్చే రాష్ట్ర పథకం) ఉన్నవాళ్ళకు మీ పొదుపు పాఠం ఎక్కదు, వాళ్ళకు యూనిట్ ధర సున్నా. కానీ 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 165 యూనిట్ల అర్హత ఉన్న ఇల్లు 195 వాడితే పైన వాడిన 30కి రూ.200 దాకా. 201 వాడితే 3 కిలోవాట్ల ఫిక్స్‌డ్ ఛార్జీతో కలిపి రూ.1,750 పైన. ఆ ఆరు యూనిట్ల ఖరీదు పదిహేను వందలు. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోమనండి. 75 వాట్ల పాత ఫ్యాను ఒకటి తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారున్న) ఫ్యాను వేస్తే రోజుకు 12 గంటల లెక్కన నెలకు 16 యూనిట్లు. అంచున ఉన్న ఇంటికి ఆ ఒక్క ఫ్యానే గట్టెక్కిస్తుంది. 120 యూనిట్లు వాడే ఇంటికి దాని వల్ల పైసా రాదు, అది కూడా దాచకుండా చెప్పండి.

కేఆర్‌పురం_సెక్రటరీ

అందరికీ ధన్యవాదాలు. లిఫ్టు, బ్లోయరు ప్రతిపాదనలు వెనక్కి తీసుకుంటున్నాం. లైట్లు ముందు. ఒక సందేహం: లైట్లు మారాక లోడు తగ్గుతుంది కదా, శాంక్షన్డ్ లోడు 90 నుంచి 70కి దించితే నెలకు 2,900 ఊరికే మిగులుతాయా?

పాతమోటారు

బిల్లు మీద రికార్డయిన గరిష్ఠ డిమాండు ఏడాదిది చూడండి. ఏ నెలలోనూ 60 దాటకపోతే దించవచ్చు. అయితే రెండు అడగండి. ఫైర్ పంపు ఆ 90లో ఉందా? నెలకోసారి దాన్ని పరీక్షకు వేసినప్పుడు డిమాండు ఎగిరితే పెనాల్టీ పడుతుంది. రెండోది, బేస్‌మెంటులో ఎలక్ట్రిక్ కార్ల ఛార్జర్లు కామన్ మీటరు మీద ఇవ్వబోతున్నారా? ఒక్కోటి 3.3 కిలోవాట్లు, ఆరు వస్తే మీరు వదులుకున్న 20 మళ్ళీ డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఆ రెండూ తేలాకే అర్జీ పెట్టండి. గేజీ మార్చాక రీడింగు ఇక్కడ రాయండి, బ్లోయరు ఆంపియర్లతో సహా.